నాన్న చొక్కాలో సూదులు

చిన్నీ,

మీ నాన్నని మళ్ళీ ఎమ్మారై స్కాన్‌కి తీసుకెళ్తున్నాను. వంట చేసి పెట్టాను, వేడి చేసుకుని తిను. కొట్టు తెరవకు. ఎవరైనా బట్టల కోసం వస్తే వారం ఆగమను. ఎందుకని అడిగితే ఏదో ఒకటి చెప్పి పంపించెయ్యి.

మొన్న అక్కడ చొక్కా విప్పుతుంటే, అంచుకి గుచ్చుకున్న సూది ఒకటి కింద పడింది. లోపలున్నది పెద్ద అయస్కాంతమట, అది దొరికేదాకా స్కాన్ గదిలోకి రానివ్వలేదు. ఈలోగా మన వంతు పోయింది. ఒంటిమీద సూదులు పెట్టుకోవద్దని పెళ్ళయిన దగ్గర్నుంచీ మొత్తుకుంటున్నాను, వింటేగా! ఇవాళ నేనే చొక్కా అంతా తడిమి ఐదు తీశాను.

పైత్యరసం వెళ్ళే గొట్టంలో క్యాన్సర్ ఎంతదాకా పాకిందో ఈ స్కాన్‌లో తెలుస్తుందట. పక్కనున్న రక్తనాళాలని చుట్టుకోకపోతేనే ఆపరేషనట. డాక్టరు ఇదంతా చెబుతుంటే నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. ఏడుపు కూడా రాలేదు.

తలుపు గడియ వేసుకో.

అమ్మ

మరిచిపోయాను. కుట్టు మిషన్ మీద నీ కొత్త చొక్కా ఉంది. ఒక చెయ్యే కుట్టారు. నీకు కుట్టడం వచ్చని నాకు తెలుసు. అయినా రెండో చెయ్యి నువ్వు కుట్టకు. ఆయన వచ్చి కుడతారు.