అడ్రస్ అడిగే అమ్మవారు

సుధీర్,

అల నిన్ను లాక్కెళ్ళి రేపటికి ఏడాది. నువ్వింకా దొరకలేదు. నిన్న మీ అన్నయ్య ఫోన్ చేశారు. “ఇంకెన్నాళ్ళమ్మా? దర్భలతో బొమ్మ చేసి దహనం చేద్దాం. కర్మలు జరిపించేద్దాం,” అన్నారు. ఫోన్ పెట్టేశాను.

ఈరోజు చైనాటౌన్‌లో ఆ పాత గుడికి వెళ్ళాను. కింద నూడుల్స్ తిన్నాక, మెట్లెక్కడానికి నువ్వు బద్ధకించావే, అదే గుడి. సముద్రంలో తప్పిపోయినవాళ్ళను ఇంటికి చేర్చే అమ్మవారట. ఎప్పుడో చైనా నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళు కట్టుకున్నారట. అగరుబత్తుల పొగకి ఆవిడ ముఖం నల్లబడిపోయింది.

“అతని పేరు, పుట్టినరోజు, అడ్రస్ చెప్పు,” అంది గుడి చూసుకునే ముసలావిడ. “అడ్రస్ చెప్పకపోతే ఏ ఇంటికి తీసుకురావాలో అమ్మవారికెలా తెలుస్తుంది?”

నేను నీ గోత్రం, నక్షత్రం కూడా చెప్పాను. ఒక్కటి తక్కువైనా నిన్ను పోల్చుకోదేమోనని భయం. మన అపార్ట్‌మెంట్ నంబరు మూడుసార్లు చెప్పాను.

సగం మెట్లు దిగాక గుర్తొచ్చింది. ఒక్కదాన్నే ఉండలేక, ఆ అపార్ట్‌మెంట్ నెలాఖరుకి ఖాళీ చేస్తానని నేనే నోటీసిచ్చాను. మళ్ళీ పైకి పరుగెత్తాను. గుడి మూసేశారు. తలుపు బాదాను, ఎవరూ తీయలేదు.

ఆ మెట్ల మీదే కూర్చుని, మన అపార్ట్‌మెంట్ అద్దె వ్యవహారాలు చూసే లీజింగ్ ఆఫీస్‌కి ఫోన్ చేశాను. నీ సంగతంతా తెలిసిన అమ్మాయే ఎత్తింది.

“నా నోటీస్ క్యాన్సిల్ చేయండి, ప్లీజ్. మా ఆయన ఆ అడ్రస్‌కే వస్తాడు,” అన్నాను.