మూసిన నీళ్లలో తాళ్లు

ప్రియమైన మీకు అకనీసి నమస్కరించి రాయునది. దేవుని దయవల్ల అత్తయ్య, నేను, మీ తమ్ముడు కిటియోన్ బాగున్నాం. ఆ పరాయి దేశపు ద్రాక్షతోటల్లో కూలిపనితో వచ్చిన మీ నడుంనొప్పి తగ్గిందనుకుంటాను.

అతిథులు వస్తున్నారా అని అడిగారు. అతిథులకు అద్దెకిచ్చే మన రెండు గుడిసెల్లో ఒకటే నిండింది. పోయిన వేసవి వేడికి తెల్లబడిన పగడాలు ఇంకా అలాగే ఉన్నాయి. వచ్చినవాళ్లు నీళ్లలోకి దిగి, చూసేందుకేమీ లేక అరగంటకే పైకి వచ్చేస్తున్నారు. ఇలాగైతే గుడిసెలు మూసెయ్యాలేమో, మీరు ఇంకో ఏడాది అక్కడే ఉండిపోతారేమో అని అత్తయ్యకు దిగులు.

కిటియోన్ పొద్దున్నే పడవ తీస్తున్నాడా అని కూడా అడిగారు. ఆ మాట పదిసార్లు చదివాను. మీకూ అనుమానమే అనుకున్నాను. రోజూ తీస్తున్నాడు. గోనెసంచి కప్పిన బకెట్‌తో వెళ్తాడు, చేప ఒక్కటీ ఇంటికి తేడు. ఊరిపెద్ద పోయినందుకు నూరు రోజులు ఎవరూ వల వేయకూడదని మూసిన నీళ్లవైపే పోతాడు. చేపలు పట్టి పెద్ద హోటల్‌కు అమ్ముతున్నాడనిపించింది.

"బకెట్లో ఏముంది?" అని ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"అన్నయ్యకి రెండో పెళ్లాం వదినా! నీలా కాదు, గలగలా మాట్లాడుద్ది" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఈ సంగతి బయటపడితే ఊరు మన గుడిసెలకు అతిథుల్ని రానిస్తుందా?

ఇంతవరకు దాచినది ఇప్పుడు చెప్తాను. బుధవారం కిటియోన్ రేవుకు వెళ్లినప్పుడు, సముద్రం వెనక్కి తగ్గాక, ఒక్కదాన్నే ఆ నీళ్లలో దిగాను. లోతు కాలువలో తాళ్లు కట్టి ఉన్నాయి. వలే అనుకుని కత్తితో కోసి ఒడ్డుకు లాగాను. చూస్తే వల కాదు. తాళ్ల పొడవునా వేలెడేసి పగడపు కొమ్మలు. వేడికి చావని కొమ్మలను ఏరి, చల్లటి నీళ్లలో పెంచి, మళ్లీ మన పగడపు దిబ్బ మీద నాటాలని కట్టాడట. పోయిన పెద్దాయన ఇంటివాళ్ల దగ్గర అనుమతి కూడా తీసుకున్నాడట.

కిటియోన్ తిరిగి వచ్చి, ఎండలో పడి ఉన్న కొమ్మలు చూసి గబగబా వాటిని నీళ్లలోకి దించాడు.

"నాతో ఒక్క మాట అనకూడదా?" అన్నాను.

"అన్నయ్యే చెప్పొద్దన్నాడు" అని మీరు తనకు రాసిన ఉత్తరం నా చేతిలో పెట్టాడు. అకనీసికి తెలిస్తే ఊరంతా తెలుస్తుంది, కొమ్మలు మిగలవు అని రాశారు.

ఈ ఊళ్లో నేను ఎవరిముందు నోరు విప్పాను?

బతికిన సగం మళ్లీ కట్టాం. మూసిన నీళ్లలో దిగినందుకు ఆచారం ప్రకారం పెద్దాయన ఇంటి ముందు కవా వేరు కానుకగా పెట్టి, ఇంటివాళ్లను క్షమించమని అడగాలి. "అన్నయ్య వచ్చి నీ తరఫున మాట్లాడతాళ్లే" అన్నాడు కిటియోన్. వద్దన్నాను. శనివారం నేనే మాట్లాడతాను.

ద్రాక్షతీగలు కట్టే దారం కొంచెం పంపండి. దాచవలసిన మాట ఏదైనా ఉంటే ఇకమీదట నాకు రాయండి.

ఇట్లు,
మీ భార్య
అకనీసి