పొయ్యి వాళ్లది, కాగితాలు వాళ్ల దగ్గర

అక్కయ్యకు తమ్ముడు వినయవిధేయతలతో (నవ్వకు) రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నాయనమ్మ మోకాలు మాత్రం మేడమెట్ల మీద తన అభ్యంతరాన్ని ఇంకా ఉపసంహరించుకోలేదు. బావగారి దగ్గు తగ్గిందని తలుస్తాను.

నీ ఉత్తరంలో అక్షరాలకంటే ఆశ్చర్యార్థకాలే ఎక్కువున్నాయి. నువ్వు విన్నది నిజమే. నాయనమ్మ ఇల్లు తాకట్టు పెట్టింది. ఎవడి కోసమని కదా అడిగావు? ఆ మహానుభావుడి సంగతి ముందే చెబితే ఉత్తరం చించేస్తావు. కాస్త ఆగు.

అతగాడు బేకరీకి పెద్ద ఓవెన్ కొన్నాడు, నాయనమ్మ భాషలో పొయ్యి. కొన్నాడంటే పూర్తిగా కొనలేదు. షరతులతో కూడిన విక్రయ ఒప్పందం. ఆఖరి వాయిదా కట్టేదాకా పొయ్యి అతని కొట్లో మండుతుంది, యాజమాన్యం మాత్రం కంపెనీవాళ్ల దగ్గర చల్లగా కూర్చుంటుంది. వాడేసిన పొయ్యిని రేపు వెనక్కి పట్టుకెళ్లినా ఏం గిట్టుతుందని, ఇంకేదైనా హామీ చూపమన్నారు. అతని దగ్గర చూపడానికి ముఖం తప్ప ఏమీ లేదు. నాయనమ్మ తన ఇల్లు చూపించింది.

ఈ రకం తాకట్టుకు పెద్ద తతంగమేమీ లేదు. ఇంటి యజమాని హామీ ఇచ్చే ఉద్దేశంతో దస్తావేజులు తన చేత్తో అప్పగిస్తే చాలు. లాయరుగారి దగ్గర గుమాస్తాగా ఇలాంటివి చాలా చూశాను. నాయనమ్మలా అప్పగించినవాళ్లను మాత్రం చూడలేదు.

దస్తావేజులు ముందుకు అందించింది. కంపెనీ మేనేజరు ఒక కొస పట్టుకున్నాడు. ఈవిడ రెండో కొస వదల్లేదు.

"బాబూ, పొయ్యి ఎవరిది?"

"బాకీ తీరేదాకా మాదేనండి."

"ఇంటి కాగితాలు?"

"మా దగ్గరే ఉంటాయండి."

"మరి కుర్రాడికి మిగిలిందేంటి?"

"పనండీ."

ఆ జవాబు నాయనమ్మకు నచ్చింది. అయినా కొస వదల్లేదు. "ఈ పొయ్యి బాకీ ఒక్కదానికే నా పూచీ. రేపు వాడు ఫ్రిజ్జు కొన్నా, ఏనుగును కొన్నా నాకు సంబంధం లేదు. ఆఖరి వాయిదా కట్టిన రోజే ఇవి నా చేతికి రావాలి. రాయి."

ఆయన ఒక చేత్తో కొస పట్టుకునే రెండో చేత్తో రాశాడు.

"అమ్మగారూ, పద్ధతి ప్రకారం అడగాలి. ఏ ఉద్దేశంతో ఇస్తున్నారు?"

"వాడు పొద్దున్నే లేవాలన్న ఉద్దేశంతో."

పెన్ను ఆగిపోయింది. "బాకీకి హామీగా అని రాసుకోండి సార్" అన్నాను నేను. అప్పుడు వదిలింది.

అక్కా, మన ఇంట్లో మధ్యాహ్నం దాకా నిద్రపోయేవాడు ఎవడో నీకు చెప్పక్కర్లేదు. లాయరుగారి దగ్గర పని మానేశాను. కొట్టు నాది, బాకీ నాది. వాయిదాలు తప్పితే పోయేది మాత్రం ఆవిడ ఇల్లు. దారిలో, "భయంగా లేదా నాయనమ్మా?" అని అడిగాను.

"కాగితాలు ఇన్నాళ్లూ బీరువాలో పడి నిద్రపోయాయిరా, నీలాగే. ఇద్దర్నీ ఒకేసారి పనిలో పెట్టాను" అంది.

ఇవాళ కొట్టు తెరిచాను. మొదటి రొట్టె మాడి బొగ్గయింది. రెండోది వేడివేడిగా పట్టుకెళ్లి ఆవిడ ముందు పెట్టాను. రొట్టె వంక చూడలేదు. కిటికీలోంచి చూసింది. బయట ఇంకా తెల్లారలేదు.

"ఉద్దేశం నెరవేరుతోంది" అని, అప్పుడు తుంచింది.

ఇట్లు,
షరతులకు లోబడి,
నీ తమ్ముడు