కొండ మీది చర్చి తలుపు

ప్రియమైన ఐర్లిస్‌కు,

ఇక్కడ నేనూ, నీ కోళ్ళూ, వంటింటి కిటికీలో నీ పూలకుండీలూ అందరం బాగున్నాం. సముద్రాల అవతల పాటగోనియాలో పిల్లలకు మన దేశపు భాష నేర్పుతూ ఎండకు నల్లబడ్డానని రాశావు. ఇక్కడ ఫిబ్రవరి చలి ఎముకలు కొరికేస్తోంది. నువ్వడిగినట్టే బాయిలర్ బాగు చేయించాను. దగ్గు తగ్గింది. క్లెడ్విన్ గిన్నెడు సూప్ తెచ్చిచ్చాడు. ఎందుకు తెచ్చాడా అని మూడు రోజులు ఆలోచించాను.

పన్నెండో నెల పూర్తయిందా అని అడిగావు. నెలకోసారి రెండు వందల కిలోమీటర్లు, పన్నెండు నెలలు వరసగా సైకిల్ తొక్కితేనే కదా ఆ పతకం! నాకూ క్లెడ్విన్‌కూ ఇదే ఆఖరి నెల. మొన్న నువ్వు ఫోన్లో ఇదే అడిగితే సరిగ్గా వినబడటం లేదన్నాను. బాగానే వినబడింది.

శనివారం పొద్దున్న ఆరింటికి హాలు దగ్గర ఇరవై ముగ్గురం చేరాం. సీసాలో నీళ్ళు గడ్డకట్టాయి. నిర్వహించేది మైనీరే. అందరికీ దారిలో ముద్రలు వేయించుకునే కార్డులిచ్చి, రాత్రి ఏడున్నర దాటితే లెక్కలోకి తీసుకోనని ఎప్పటిలాగే బెదిరించింది. క్లెడ్విన్ తన పాత ఇనుప సైకిల్ మీద వచ్చాడు.

"ఏం టీసీ గారూ! ఇవాళ ఎవర్ని దింపేస్తారు?" అన్నాడు.

ముప్పై ఏళ్ళు రైళ్ళలో టిక్కెట్లు చూసినవాడిని. ఆ ఎగతాళి నాకు అలవాటే. కానీ ఎవర్ని చూసినా దొంగ ప్రయాణికుడేమో అనుకునే ఈ కళ్ళు ఎక్కడికి పోతాయి?

మొదటి నుంచీ వాడు నా వెనకే ఉన్నాడు. నూరు కిలోమీటర్ల దగ్గర నాకు పంక్చరైతే చలిగాలికి తట్టుకోలేక ఒక పశువుల కొట్టంలోకి వెళ్ళి ట్యూబు మార్చుకున్నాను. తర్వాత ఊళ్ళో టీ కొట్టుకు చేరేసరికి వాడు లోపల కూర్చుని కిస్మిస్ రొట్టెకు వెన్న రాసుకుంటున్నాడు! నాకు వెంటనే అనుమానం వచ్చింది. ఆ కొట్టు పక్కనే రైల్వే స్టేషను. వాడి చెవులు చూశాను, ఎర్రగా కూడా లేవు. అవి రైల్లో హీటరు పక్కన కూర్చుని వచ్చినవాడి చెవులే అనుకున్నాను.

"ఎప్పుడొచ్చావ్?"

"పావుగంటైంది."

"నన్ను దాటినట్టు లేదే?"

"దాటకుండా ఎలా వస్తాన్రా? నువ్వే ఎక్కడో కునుకు తీసుంటావ్." నవ్వుతూ ఫ్లాస్కు నింపుకుని లేచాడు. "కొండ మీద చర్చి దగ్గర ఆగుతా. టీ అక్కడ తాగుదాం."

అది కూడా నాటకమే అనిపించింది. మనిషి నిజంగా ఎక్కేవాడైతే అంత ముందుగా చెప్పుకుంటాడా? వాడు వెళ్ళాక కూడా స్టేషను వైపు ఒక కన్నేసే సూప్ తాగాను.

సాయంత్రం ఆరూ ఇరవైకి హాలుకు చేరి నా కార్డు మైనీర్ పెట్టెలో వేశాను. క్లెడ్విన్ లేడు. "స్టేషన్లో వాకబు చెయ్యండి, రైలు లేటేమో" అని అందరి ముందూ అన్నాను. కొందరు నవ్వారు. మైనీర్ నవ్వలేదు.

ఏడూ నలభై ఒకటికి తలుపు తెరుచుకుంది. పెదాలు నీలంగా, వేళ్ళు వంగక, హెల్మెట్ కూడా తీసుకోలేని స్థితిలో వచ్చాడు. నన్ను చూడగానే వాడి ముఖం వెలిగిపోయింది.

"బతికే ఉన్నావురా! నలభై నిమిషాలు చర్చి దగ్గరే నీ కోసం చూశా. జారి పడ్డావేమోనని కొండ దిగి, మళ్ళీ ఊరిదాకా వెనక్కెళ్ళి రోడ్డు పక్క కాలవలన్నీ వెతికా."

పదకొండు నిమిషాలు ఆలస్యం. వాడి పన్నెండో నెల పోయింది. మైనీర్ కళ్ళు తుడుచుకుంటూ వాడి కార్డు చదివింది. ముద్ర వేసేవాళ్ళు లేనిచోట ఆమె ఒక ప్రశ్న పెడుతుంది కదా. ఈసారీ పాత ప్రశ్నే, చర్చి తలుపు రంగేమిటని.

"ఎరుపు. అవును, మొన్న అక్టోబరులోనే మార్చారు" అంది.

చేతిలోని సూప్ గిన్నె బల్ల మీద పెట్టి క్లెడ్విన్ వైపు తిరిగాను. "నేనూ పైకొచ్చాగా. నువ్వు చూసుండవ్" అన్నాను.

వాడు నన్నొకసారి చూసి, "ఉండొచ్చు" అన్నాడు. అంతే.

ఐర్లిస్, నేను కొండ ఎక్కలేదు. కొండ దారి మలుపు దగ్గర రోడ్డంతా మంచు పేరుకుని ఉంది. భయం వేసింది. వాడు ఎలాగూ మోసం చేస్తున్నాడు, నేనెందుకు నడుం విరగ్గొట్టుకోవాలి అనుకున్నాను. కిందటేడూ అంతకు ముందేడూ ఈ దారిన వచ్చినప్పుడు ఆ తలుపు ఆకుపచ్చే. పెన్సిల్‌తో 'ఆకుపచ్చ' అని రాసేసి మెయిన్ రోడ్డు మీదుగా వచ్చేశాను. వంగి చూసి ఉంటే పైకి వెళ్ళిన వాడి చక్రం గుర్తు కనబడేది. జన్మంతా జనం టిక్కెట్లు చూసిన నేను ఆ ఒక్కసారి వంగలేదు. నేను కొట్టంలో ట్యూబు మారుస్తున్నప్పుడే వాడు రోడ్డు మీద నన్ను దాటి వెళ్ళి ఉంటాడని ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే తట్టింది. సిగ్గుతో నీళ్ళు చల్లారేదాకా అలాగే కూర్చున్నాను.

మర్నాడు వాడు సూప్ తెచ్చాడు. వీడికి తెలుసా? తెలిస్తే అరవడేం? నా ముఖం చూడటానికి వచ్చాడా? గిన్నె కోసం మళ్ళీ వస్తాడు, అప్పుడు అడుగుతాడా? వచ్చాడు. దగ్గెలా ఉందని మాత్రం అడిగి గిన్నె పట్టుకెళ్ళాడు.

బుధవారం మైనీర్ ఇంటికెళ్ళి నా కార్డు కొట్టేయమన్నాను. ఆమె ఇంకా ఆ కార్డుల పెట్టె తెరవనే లేదు. నేను నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో నాకూ తెలియదు. అక్కణ్ణుంచి నేరుగా క్లెడ్విన్ దగ్గరికెళ్ళాను. పెరట్లో కూర్చుని గొలుసుకు నూనె వేస్తున్నాడు. అంతా చెప్పేశాను.

"తెలుసురా. దిగేటప్పుడు చూశా. మంచు మీద ఒక్క చక్రం గుర్తే ఉంది. అది నాదే."

"మరి హాల్లో అందరి ముందూ ఎందుకు చెప్పలేదు?"

"నీలా మనుషుల్ని దింపడం నాకు చేతకాదు."

ఐర్లిస్, నన్ను ఎవరైనా కొట్టినా అంత బాధ కలిగేది కాదు. మార్చి నుంచి ఇద్దరం మళ్ళీ ఒకటో నెలతో మొదలుపెడదామా అని అడిగాను.

"పెడదాం. కానీ ఒక షరతు" అన్నాడు, తల ఎత్తకుండానే. "ఈసారి ముందు నువ్వెళ్ళు. వెనక నేనొస్తా."

పడితే లేపడానికో, పైకి ఎక్కానో లేదో చూడటానికో వాడు చెప్పలేదు. నాకు అడగాలనిపించలేదు. సరేనన్నాను.

ఇట్లు,
ఈ మార్చిలో ఒకటో నెల మొదలుపెట్టబోతున్న నీ భర్త,
ఆల్విన్