నీ ముగ్గులకు వేరు కాపురమా, ఉమ్మడా?

సుగుణా,

ధనుర్మాసం మొదలైంది. నువ్వు వేసి, ఫోటోలు తీసి ఇంటర్నెట్లో పెట్టిన ముగ్గుల కోసం ఊరూరి ఆడవాళ్లూ ఒక్కసారే ఎగబడ్డారు. నిన్న నీ వెబ్‌సైటు తెరుచుకోలేదు. ఆ ముగ్గులకు ఇంకెక్కడా నకలు లేదు. వెబ్‌సైట్ల బాగోగులు చూసే చంద్ర దగ్గరికి వెళ్లాను. సాయంత్రానికి తెరిపించాడు కానీ, పాత సర్వర్ ఇక మోయలేదన్నాడు.

"డెడికేటెడ్ సర్వర్ అంటే వేరు కాపురం సార్. మిషనంతా మనదే, ఎవురి పోరూ ఉండదు. క్లస్టర్ అంటే ఉమ్మడి సంసారం. శానా మిషన్లుంటాయి. ఒకటి పడిపోతే ఇంకోటి సూసుకుంటాది."

"వేరు కాపురంలో పడిపోతే?"

"ఎవురో ఒకరు వచ్చి సూసేదాకా పడుండాల్సిందే సార్" అని నవ్వాడు.

అతనికి తెలియదు. వంటింట్లో నువ్వు పడిపోయిన రోజు, నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా ఇంట్లో ఎవరూ లేరు. వచ్చేసరికి నువ్వూ లేవు.

మా అమ్మతో పడలేక, పోట్లాడి మరీ కాణిపాకం నుంచి తిరుపతికి వేరు కాపురం తెచ్చినదానివి. నీకు నచ్చదని తెలుసు. అయినా ఉమ్మడిలోనే పెట్టమన్నాను.

తిట్టుకుంటే తిట్టుకో. నీ ముగ్గుల్ని ఒంటరిగా ఉంచడానికి నాకు ధైర్యం చాలలేదు.