ముందు ఇంజిన్, వెనక కమాన్లు

మార్చి 9, 2004, మంగళవారం. ఏన్కూరు

ఆయన ఖమ్మంలో తుక్కు కింద కొన్న పాత ఇటలీ కారుకు ఈరోజు ఇంజిన్ మార్చారు. వేపకొమ్మకు చైన్ పుల్లీ కట్టి పాతది లేపి, జీపు డీజిల్ ఇంజిన్ దించారు. రెండు తలుపుల చిన్న కారుకు అంత ఇంజిన్ ఎందుకో! పైగా ఇంజిన్ ముందుంటే, వెనక చక్రాల మీద బరువు మోసే కమాను పట్టీలు మూడేసి ఎక్కువ వేశారు. టీ ఇస్తూ అడిగితే ఆయన దోస్తు మల్లేశన్న నవ్వాడు.

"చెల్లె, నువ్వు గూడ మెకానిక్ అయితివా ఏంది?"

ఆయన నవ్వలేదు.

పోయిన నెల టేకు దుంగలతో దొరికిన పక్కింటాయన ఇంకా జైల్లోనే ఉన్నాడు.

అన్నం దగ్గర ఆయన, "శుక్రవారం భద్రాచలం పోదాం, కొత్త చీర కట్టుకో," అన్నారు. పెళ్లయిన రెండేళ్లలో మొదటిసారి. ఎంత సంతోషపడ్డానో.

"ఆడమనిషి ఉంటే చెక్‌పోస్టుల జల్దీ ఇడుస్తరు," అన్నారు వెంటనే.

"అత్తమ్మను గూడ తీస్కపోదాం," అన్నాను మెల్లగా.

"వచ్చేటప్పుడు ఎనక జాగ ఉండదు." తలెత్తలేదు.

ఏం పెడతారో అడక్కుండానే అర్థమైంది; పక్కింటాయన గుర్తొచ్చాడు. వస్తానని మాత్రం ఇంకా చెప్పలేదు...