కాలిన వేలు

కేంబ్రిడ్జి, 1963 ఆగస్టు 20

అమ్మా,
సోల్డరింగ్ కడ్డీ తగిలి కాలిన వేలు మానింది, మచ్చ మాత్రం మిగిలింది. బెంగ పెట్టుకోకు.

మా ల్యాబుకి పిల్లి మెదడు సంకేతాలు చదివే కంప్యూటర్ విడిభాగాలుగా వచ్చింది. వాడుకునేవాళ్లే దాన్ని తమ చేత్తో బిగించుకోవాలని ఇక్కడి నియమం. మా ప్రొఫెసర్ థేయర్‌గారు అది బిగించిన రెండు వారాలూ చేపలు పట్టడానికి పోయారు. ప్రతి తీగా అతికింది నేను. నిన్న పేపరువాళ్లు రాగానే ఆయన ఊడిపడి, "కాస్త పక్కకి జరుగమ్మాయ్, ఫొటోకి అడ్డం," అన్నారు. తీరా వాళ్లు ఆన్ చేయమంటే, మీట ఎక్కడుందో తెలియదు మహానుభావుడికి!

"వెర్నా, ఏది నొక్కాలి? ఏదీ?" అని పెదాలు కదలకుండా గొణిగారు. పక్కనుంచి చెయ్యి చాచి నేనే నొక్కాను. సరిగ్గా అప్పుడే ఫొటో తీశారు. 'స్వహస్తాలతో కంప్యూటర్ కట్టిన ప్రొఫెసర్' అని రాస్తారట. సొమ్మొకరిది, సోకొకరిది.

నాన్న మోకాలు ఎలా ఉంది? బంగాళాదుంపలు తవ్వడానికి మనుషులు దొరికారా? నా ఉన్ని కోటు పంపించు. అందరికీ ముద్దులు.

ఆదివారం పేపర్లో ఆ ఫొటో పడుతుంది. మా ల్యాబు ఫొటో అని నువ్వు ఎలాగూ కత్తిరించి దాస్తావు. అంచున మచ్చ వేలితో ఒక చెయ్యి కనిపిస్తుంది. దాన్ని కోసేయకు, అది నీ కూతురిది.

వెర్నా